ఆరు ఉలుల దిమ్మ

బగాస్ గోడకి అయస్కాంతం పట్టీ బిగించిన రోజే వాణ్ణి చీపురు తిరగేసి కొట్టాల్సింది. కొట్టలేదు. రంగుల గిన్నెలు ముందేసుకుని చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు కొత్తేం కాదులెండి, ఆ సంగతి చివర్లో చెప్తాను.

వాడు చేసిన నిర్వాకం ఏమిటంటే, చనిపోయిన మా పెద్దాయన పాక్ దర్మోయో ఉలులు ఇరవై ఎనిమిదింటినీ వాటి కొయ్యదిమ్మల్లోంచి పీకి ఆ పట్టీకి అంటించాడు. పొడుగువి ఒక కొసన, పొట్టివి ఇంకో కొసన, బళ్ళో పిల్లల్ని ప్రార్థనకి నిలబెట్టినట్టు. మొనలన్నీ పైకి. ఒక్కోదాని కింద కాగితం ముక్క, దాని మీద నెంబరు. దూరం జరిగి ఫోన్లో ఫొటో తీసుకుని, "ఇప్పుడు చూడు పిన్నీ, దీన్నంటారు పనిచోటు అని. ఇన్నాళ్ళూ ఇది పాతసామాన్ల కొట్టు" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. ఉలి పొడుగు దాని రకం ఏమిటో చెప్పదు, ఎన్నేళ్ళు సానపట్టారో చెప్తుంది. ఆ మాత్రం తెలీని వాడు తోలుబొమ్మలు కోసే ఇంటికి వారసుడు.

వాడు పాక్ దర్మోయో తమ్ముడి కొడుకు. పెద్దాయనకి పిల్లల్లేరు. ఆయన పోయిన పదో రోజుకల్లా వీడు సెమరాంగ్ పట్నం నుంచి మోటార్ సైకిలేసుకుని దిగాడు. చిన్నప్పుడు సెలవులకొచ్చి రెండు మూడేళ్ళు ఉలి పట్టాడు, కాదనను. చెయ్యి మరీ తీసిపారేసేది కాదు. కానీ ఆ ఇంట్లో ఏ వస్తువు ఎందుకు అక్కడుందో ఒక్కనాడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి లెగినా అక్కడే ఉంది, సానరాయి ముందు, రోజూ కూర్చునే చోటే.

లెగినా పంతొమ్మిదో ఏట ఆ ఇంటికి వంటకని వచ్చింది. మొగుడు సుమత్రా రబ్బరు తోటల్లో పనికని పడవెక్కి, అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఇది ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. అదే నాకు దాని దగ్గర మొదట్నుంచీ గిట్టని గుణం. నేనైతే పడవ రేవు దాకా పోయి దుమ్మెత్తి పోసేదాన్ని. ఇది బియ్యం కడిగి పొయ్యి మీద పడేసి, ఉలులు సానపట్టే ముసలాయనకి నీళ్ళు మోసేది. ఆయన మంచం పట్టాక, రెండ్రోజులు చూసి, మూడో రోజు తనే సానరాయి ముందు కూర్చుంది. పాక్ దర్మోయో ఆ పూట ఉలి అందుకుని, తోలు మీద ఒక్క దెబ్బ వేసి చూసి, పనిలో పడ్డాడు. మర్నాటి నుంచి వంటకి ఇంకో పిల్ల వచ్చింది.

సానపట్టిన ఉలిని గేదెతోలు ముక్క మీద కొట్టి చూడకుండా దిమ్మలో పెట్టకూడదు. అది మా పని కట్టుబాటు. ఇరవై ఎనిమిది ఉలులు, రోజూ, ఇరవయ్యేళ్ళ పైన. లెక్కేసుకోండి అది ఎన్ని దెబ్బలు వేసి ఉంటుందో. అందరూ దాన్ని సాన పరీక్ష అనుకున్నారు. చదువు అని ఎవరూ అనుకోలేదు, దానితో సహా.

ఉలులకి ఇల్లు కట్టింది కూడా అదే. అంతకుముందు అన్నీ ఒక బిస్కట్ల డబ్బాలో పడి దొర్లుతుండేవి, అంచులు ఒకదానికొకటి తగిలి పళ్ళు పడేవి. లెగినా పనస కర్ర దిమ్మలు తెచ్చి వరసగా బెజ్జాలు తొలిపించింది. బెజ్జాల అడుగున తేనెమైనం కరగబోసింది. ఉలిని మొన కిందికి దింపితే మొనకి మైనం అంటుతుంది, మళ్ళీ తీసినప్పుడు తోలులోకి జారుగా దిగుతుంది. ఒక్కో బెజ్జం ముందు చిన్న తోలు పట్టీ, దాని మీద ఆ ఉలి వేసే గాటు. నెంబరూ అక్కర్లేదు, పేరూ అక్కర్లేదు. పనిలో ముందొచ్చేది దగ్గర, తర్వాతొచ్చేది దూరం. కళ్ళు తోలు మీదుంచి చెయ్యి చాస్తే కావల్సిన ఉలే చేతికొస్తుంది. సాయంత్రం నాలుగింటికి అందరూ లేచాక కొబ్బరినూనె గుడ్డతో ఒక్కోటీ తుడిచి వాటి ఇళ్ళల్లోకి పంపేది. ఒకసారి నేను రంగుడబ్బా మూత రాకపోతే ఒక ఉలి లాగి మూత లేపాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు ఒక చెంచా తెచ్చి నా గిన్నెల పక్కన పెట్టి పోయింది.

ఇరవై రెండు ఉలులు ఒంటికీ బట్టకీ నగలకీ. మిగతా ఆరు ముఖానికి. ఆ ఆరింటికీ వేరే చిన్న దిమ్మ, పాత బాతిక్ అద్దకం గుడ్డ చుట్టి బీరువా మీదుండేది. కిందికి దించినప్పుడు దాన్ని ఎవరూ దాటకూడదు, పిల్లలు ముట్టకూడదు. బొమ్మంతా కోసేశాక చివర కన్నూ ముక్కూ నోరూ కోయడాన్ని మేం ముఖం తెరవడం అంటాం. అంతవరకూ అది తోలు. తెరిచాక అర్జునుడో భీముడో. మా బొమ్మలవి పక్కమొహాలు, ఒకటే కన్ను. తప్పితే సర్దుకోవడానికి రెండోది లేదు. అందుకే ముఖం తెరిచేవాడు మూడు వారాలు సోమవారం, గురువారం ఉపవాసం ఉండి మరీ ఆ ఆరు ఉలులు తీస్తాడు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ వాళ్ళూ ఒంటి పని ఎవరితోనైనా చేయించుకుంటారు, ముఖానికి మాత్రం ఆ దిమ్మ ఉన్న ఇంటికే వస్తారు. ఆ దిమ్మ ఎవరి దగ్గరుంటే ముఖాలు వాళ్ళవి, పేరు వాళ్ళది. ఉలులు కొత్తవి చేయించుకోవచ్చుగా అంటారేమో. ఆ ఉక్కు ఇప్పుడు రాదు. మోటార్ సైకిల్ చువ్వలతో చేసినవి మూడు ముఖాలకే మొద్దుబారతాయి.

ఆ పేరు పాక్ దర్మోయోది. చివరి తొమ్మిదేళ్ళూ ఆ పని ఆయనది కాదు.

నాకు తెలిసింది కుంచె వల్ల. ఆడవాళ్ళం ఆ ఇంట్లో రంగులే వేస్తాం, నేను ముఖాలకి వేస్తాను. కంటి కోత అంచున రంగు పెడితే అది కోత వాలు ఎటుంటే అటు కారుతుంది. ఎన్నో ఏళ్ళుగా కుడికి కారేది. ఒకరోజు ఎడమకి కారింది. నా చెయ్యే తప్పిందనుకున్నాను. తర్వాతి బొమ్మా అంతే. అప్పుడు నాకు తట్టింది, ఇది ఎడమచేతివాటం కోత అని. ఆ ఇంట్లో ఎడమచేతివాటం మనిషి ఒకతే. చిన్నప్పుడు వాళ్ళమ్మ దాని ఎడమ చేతికి గుడ్డపేలిక కట్టి వెనక్కి ముడేసేదట, నలుగురిలో ఆ చెయ్యి వాడకూడదని. కుడి చేత్తో తినడం, ఇవ్వడం, పుచ్చుకోవడం అన్నీ నేర్చుకుంది. సుత్తి పట్టడం మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు, అందుకే అది సొంత చేత్తోనే పట్టింది.

లేచి వంటింటి వెనక వసారాలోకి పోయాను. లెగినా చాప మీద, ముందు చింతకొయ్య పీట, పీట మీద ద్రౌపది. కొయ్యసుత్తి ఎడమ చేతిలో. ఉలి కుడి చేతిలో. ఆరు ఉలుల దిమ్మ కుడి పక్కన. అందరి దిమ్మలూ ఎడమ పక్కనుంటాయి, సుత్తి కుడిచేతిలో ఉంటుంది కాబట్టి. నన్ను చూసి సుత్తి ఆపింది. ముందు గదిలోంచి టకటకమని ఇంకో సుత్తి చప్పుడు వినబడుతూనే ఉంది. పాక్ దర్మోయో తలుపేసుకుని ఉత్త తోలుముక్క మీద కొట్టుకుంటున్నాడు, వీధిలోవాళ్ళకి వినబడాలని. ఆయన చేతులకి వణుకు వచ్చింది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు, ఆయనకీ, ఆయన భార్య బు దర్మోయోకీ, లెగినాకీ. ఆ రోజుతో నలుగురం అయ్యాం.

చేతులు వణకడం ఆయన తప్పు కాదు. ముసలితనం ఎవరికైనా వస్తుంది. కానీ నోరు వణకలేదుగా ఆయనకి? దలాంగులు, అదే బొమ్మలాడించే పెద్దలు, దూరాల నుంచి వచ్చి ముఖం చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే, "ఏదో దేవుడిచ్చిన చెయ్యి" అని తల వంచుకునేవాడు. దేవుడిచ్చిన చెయ్యి వెనక వసారాలో మైనం కరిగిస్తోంది. ఊళ్ళో పెద్ద ప్రదర్శనలో ఆయన ముఖాలు అద్దాల పెట్టెలో పెట్టారు, కింద ఆయన పేరు. దీనికి సానపట్టే కూలి, అంతే.

ఇక ఉపవాసాల సంగతి. సోమవారం వస్తే ఆయన అందరి ముందూ టీ గ్లాసు పక్కకి నెట్టి, "ఈ వేళ నాకొద్దు" అనేవాడు గట్టిగా. మధ్యాహ్నం లోపలి గదిలోకి పళ్ళెం వెళ్ళేది. అన్నం, వేయించిన సోయాగింజల టెంపే, పచ్చిమిరప నూరిన కారం. లెగినా మాత్రం ఆ రోజుల్లో కడుపులో బాగాలేదని చెప్పి తినేది కాదు. మూడు వారాలు, ముఖానికి ముందు, ప్రతిసారీ. కడుపునొప్పులకి కషాయం కాచి ఇచ్చేది వంటపిల్ల. ఇది ఆ కషాయం అరటిచెట్టు మొదట్లో పారబోసేది, ఉపవాసం చెడుతుందని.

పాక్ దర్మోయో వానాకాలం చివర్లో పోయాడు. నూరో రోజు ప్రార్థన అయ్యాక ఆ దిమ్మ వారసుడి చేతికివ్వాలి, ఆ వారసుడు పెద్దల ముందు ఒక ముఖం తెరవాలి. అది ఆ ఇంటి ఆచారం. దలాంగ్ సుమార్తో అప్పటికే నకుల సహదేవుల జంట బొమ్మలు ఒంటి పని చేయించి పంపాడు, ఆ రోజు వాటి ముఖాలు చూస్తానని కబురుపెట్టాడు.

జీవితంలో మొదటిసారి లెగినా ఒకటి అడిగింది. నలభయ్యో రోజు దాటాక బు దర్మోయో కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ ఆరు ఉలుల దిమ్మ తనకిప్పించమంది. ఇల్లొద్దు, పేరొద్దు, దిమ్మ చాలు, ముఖాలు తెరుచుకుంటూ బతుకుతానంది. నేను గుమ్మం పక్కనే ఉన్నాను. బు దర్మోయో తమలపాకు నములుతూ, "అది దర్మోయో వంశానిది లెగినా. నీకు సానరాయి ఇస్తాలే, పట్టుకుపో" అంది. సానరాయి అట. తొమ్మిదేళ్ళు మొగుడి పేరు నిలబెట్టిన మనిషికి అరిగిపోయిన రాయి. లెగినా సరేనమ్మా అని లేచొచ్చి, ఉలులు తుడవడం మొదలుపెట్టింది. ఆ సరేనమ్మా విన్నప్పుడు నాకు ముసలామె మీద కంటే దాని మీదే ఎక్కువ కోపమొచ్చింది. ఒసే, ఒక్కసారి గట్టిగా అడగవే అని దులిపేశాను. "అడిగానుగా అక్కా" అంది.

ఆ తర్వాత బగాస్ అయస్కాంతం పట్టీ. ముఖం ఉలులు అరిగి పొట్టివయ్యాయి కాబట్టి ఆ ఆరూ గుమ్మం పక్క చివర్లో పడ్డాయి. వచ్చేపోయే ప్రతివాడూ వాటిని గిల్లి చూసేవాడు. అయస్కాంతానికి అంటుకుని ఉలులకీ ఆ గుణం పట్టింది, సానపడితే రాలిన ఇనుపరజను అంచుకే పట్టుకుని కూర్చునేది. లెగినా గుడ్డతో తుడిచి తుడిచి, చివరికి చేతిగోటితో తీసేది. దిమ్మలు పెరట్లో కట్టెల పక్కకి పోయాయి. చిన్న దిమ్మని మాత్రం బగాస్ అటకెక్కించాడు, నూరో రోజున బల్ల మీద పెట్టి ఉలులు అందులో గుచ్చితే ఫొటోకి బాగుంటుందని. లెగినా పెద్ద దిమ్మలు తెచ్చి వసారాలో పేర్చింది. మైనం అప్పటికే పెరట్లో ఎండకి కరిగి కారిపోయింది.

నూరో రోజు కొబ్బరిపాల అన్నం, అపెమ్ అట్లు, బంకబియ్యం ముద్దలు. మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక ముందు గదిలో చాపలు పరిచారు. పెద్దలు ఎనిమిది మంది, మధ్యలో దలాంగ్ సుమార్తో. మేం ఆడవాళ్ళం గోడవార. బగాస్ కొత్త బాతిక్ చొక్కా, నెత్తిన తలపాగా. ఆరు ఉలులు పట్టీ మీంచి తీసి దిమ్మలో గుచ్చాడు, వాడి లెక్కలో, పొడుగు నుంచి పొట్టికి. దిమ్మ ఎడమ పక్కన పెట్టుకున్నాడు. నకులుణ్ణి పీట మీద పరిచి, ఇక్కడ అందరూ అనేట్టే బిస్మిల్లా అని, ఉలి ఆనించాడు.

నిజం చెప్పాలంటే వాడి చేతి దెబ్బ బాగానే పడింది. కానీ మా ఉలి అంచు తిన్నగా ఉండదు, ఒక మూల కాస్త కిందికి వాలి ఉంటుంది, ఆ మూల ముందు దిగి దారి చూపిస్తుంది. కుడిచేత్తో కొట్టేవాళ్ళకి ఒక మూల, ఎడమచేత్తో కొట్టేవాళ్ళకి రెండోది. ఆ ఆరు ఉలులూ తొమ్మిదేళ్ళుగా ఎడమచేతికి సానపట్టినవి. వాడు కంటి రెప్ప వెంట పోనిస్తుంటే ఉలి తన దారిన తాను కిందికి జారింది. మూడు దెబ్బలకి నకులుడి కన్ను చెంప మీదికి దిగిపోయింది.

బగాస్ ఉలి ఎత్తి కిటికీ వెలుతురులో చూశాడు. రెండోది చూశాడు. ఆరూ చూశాడు. వాడి మొహం ఎర్రబడింది.

"వీటికి సానపట్టింది ఎవరు?"

అందరి తలలూ గోడ వైపు తిరిగాయి.

"నేనే" అంది లెగినా.

"అంచులన్నీ అడ్డదిడ్డంగా పెట్టి పెదనాన్న ఉలుల్ని సర్వనాశనం చేశావు. రేపటి నుంచి నువ్వు రావద్దు. వీటిని మిషను మీద పట్టించి తిన్నగా చేయిస్తాను."

లెగినా తల వంచుకుంది. ముప్పై మూడేళ్ళ పని అక్కడే, పెద్దల ముందు, సర్వనాశనం అనిపించుకుంది. మిషను మీద పెడితే ఆ పాత ఉక్కు వేడెక్కి నీలం తిరిగి సత్తువ చస్తుంది, ఆరు ఉలులూ ఆరు మేకులవుతాయి. అది దానికి తెలుసు. బు దర్మోయో వైపు చూసింది. ఆమె చాప అంచున పోగులు సరిచేసుకుంటోంది, తనకేం వినబడనట్టు.

అదిగో, అప్పుడు నాకు తిక్క రేగింది. లేచి నిలబడ్డాను. పెద్దల ముందు ఆడది అలా లేవకూడదు, తెలుసు.

"లెగినా, సుత్తి తీసుకో. నీ చేత్తో" అన్నాను.

"తుమిరా, నోరు ముయ్యి" అంది నాతో బు దర్మోయో.

ఆ ఒక్క మాటతో ముసలామె అంతా చెప్పేసింది. దలాంగ్ సుమార్తో డెబ్భై ఏళ్ళ మనిషి, రాత్రంతా వంద బొమ్మల గొంతులు మార్చి మాట్లాడేవాడు. ఏ గొంతులో ఏముందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. బు దర్మోయోని చూశాడు, నన్ను చూశాడు, దిమ్మలో ఉలులు చూశాడు. సహదేవుడి బొమ్మ తీసి పీట మీద పెట్టి, ఆ అమ్మాయిని ఇటు రమ్మనండి అన్నాడు.

లెగినా మోకాళ్ళ మీద ముందుకి జరిగింది. మొదట దిమ్మ లాక్కుని ఉలులన్నీ తీసి మళ్ళీ సర్దింది, దగ్గరిది దగ్గర, దూరానిది దూరం. ఏమిటీ ఆలస్యం అని బగాస్ గొణిగాడు. దిమ్మ కుడి పక్కకి పెట్టుకుంది. తప్పుగా అనుకోవద్దని పెద్దలకి దణ్ణం పెట్టి, సుత్తి ఎడమ చేత్తో అందుకుంది. ఛీ, మహారాజుల ముఖం మీద ఎడమ చెయ్యా అన్నాడు మూలనున్న ముసలాయన. అది వినలేదు. పని మొదలుపెట్టాక దానికి ఏమీ వినబడదు. కళ్ళు ఒక్కసారి కూడా దిమ్మ వైపు పోలేదు. చెయ్యి పోయేది, ఉలి వచ్చేది. కన్ను, ముక్కు, పెదవి, ఆ పెదవి కొసన ఉందో లేదో తెలీని చిన్న నవ్వు. నా టీ చల్లారేలోపల సహదేవుడు అక్కడున్నాడు.

దలాంగ్ సుమార్తో బొమ్మని ఎండలోకి ఎత్తి, తెల్లగోడ మీద నీడ చూశాడు.

"నా దగ్గరున్న అర్జునుడు?" అన్నాడు.

"నేనేనండి."

"ఎనిమిదేళ్ళయింది ఆ ముఖంతో ఆడబట్టి." బొమ్మ దించాడు. "ఉపవాసం?"

"ఉన్నానండి. ప్రతి ముఖానికీ."

"మరి దర్మోయో?"

లెగినా ఉలులు దిమ్మలో పెట్టడంలో పడింది. ఆ మనిషి పోయి నూరు రోజులైనా దాని నోట చెడ్డమాట రాదు. నా నోరు అలాంటిది కాదు.

"ఆయన తిన్నాడండి" అన్నాను. "పళ్ళెం తీసుకెళ్ళింది నేనే."

ఎవరో దగ్గారు. బగాస్ తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దలాంగ్ సుమార్తో గ్లాసులో మిగిలిన టీ తాగి, పాడైన నకులుణ్ణి తీసుకెళ్ళి నదిలో వదలమన్నాడు, కొత్త తోలు తను పంపిస్తానన్నాడు, ముఖం మాత్రం ఈవిడే తెరవాలన్నాడు. ఎక్కడ కూర్చుని తెరుస్తుందో అక్కడికే తోలు పంపిస్తానని కూడా అన్నాడు. ఇంకేం తిట్టలేదు. ఆయన ఒక్క తిట్టు తిడితే బాగుండేదని నాకనిపించింది.

మిగిలింది దిమ్మ. ముఖం ఈవిడదే అని దలాంగే అన్నాక దిమ్మ ఇంకెవరి దగ్గరుండాలి? బు దర్మోయో లేచింది. మోకాళ్ళు నొప్పి, గోడ పట్టుకుని వచ్చింది. ఆరు ఉలుల దిమ్మ ఎత్తి, బాతిక్ గుడ్డ చుట్టి, లెగినా ముందు పట్టుకుంది. లెగినా అలవాటుగా కుడి చెయ్యి చాచింది. సగంలో ఆపింది. ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చెయ్యి చాచింది. పెద్దల ముందు, యజమానురాలి ముందు, యాభై రెండేళ్ళ మనిషి. ముసలామె ఆ చెయ్యి వంక చూసి, కళ్ళు దించుకుని, దిమ్మ అందులో పెట్టింది.

ఇంటికి పొలం గట్ల మీద నడిచి వెళ్ళాం. నేను ఆగకుండా వాగుతూనే ఉన్నాను. ఎలా కడిగేశానో చూశావా అన్నాను. ముసలామె మొహం మాడిపోయిందన్నాను. వాడి అయస్కాంతం వాడి నెత్తికే అంటించాలన్నాను. లెగినా దిమ్మని పసిబిడ్డలా రొమ్ముకానించుకుని నడుస్తోంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

లెగినా వాళ్ళింట్లో చాప పరుచుకుని, కుడి పక్కన దిమ్మ పెట్టుకుని, ఉలులు బయటికి తీసి ఒక్కోటీ తుడిచింది. మైనం లేకుండా బగాస్ మొనలు పైకి పెట్టినందుకు రెండింటికి తుప్పు చుక్కలు పడ్డాయి, గోటితో గీకి చూసింది. పొయ్యి మీద చిన్న గిన్నెలో మైనం పెట్టింది. అప్పుడు తల ఎత్తకుండానే అడిగింది.

"అక్కా, తొమ్మిదేళ్ళు ఆ పళ్ళెం మోసింది నువ్వే కదా. ఈ రోజు అన్న మాట అప్పుడెప్పుడైనా అనాలనిపించలేదా?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. నోరు తెరిచాను. నా పని పోతుందని భయపడ్డానని చెప్పొచ్చు. బు దర్మోయో పండక్కి పెట్టే చీటీగుడ్డ పోతుందని చెప్పొచ్చు. ఆ ముఖాలకి రంగులేసింది నేను కాబట్టి నా పేరూ ఆయన పేరు పక్కన ఎక్కుతోందని కూడా చెప్పొచ్చు. ఒక్క మాటా బయటికి రాలేదు. పొద్దస్తమానం వాగే నోరు ఇది.

ఇన్నేళ్ళూ నా కోపం పోయినాయన మీదా, ఆయన పెళ్ళాం మీదా, ఆ కుర్రవెధవ మీదా అనుకుంటూ ఊరంతా తిరిగి తిట్టాను. ఇప్పటికీ తిడుతూనే ఉంటాను, వాళ్ళకి అది తగినదే. కానీ ఆ పూట లెగినా చాప మీద కూర్చున్నప్పుడు వాళ్ళెవరూ ఆ గదిలో లేరు.

లెగినా గిన్నెలోకి తొంగిచూసింది. "మైనం కరిగింది, ఇటివ్వు" అంది. ఇచ్చాను.